పెరట్లోని మోళ్ళు, పడిన చెట్లు, మన కుటుంబ ఆరోగ్యం



ఈ నెల మన ఆరోగ్య పాఠం మందుల గురించి కాదు, మన ఇంటి వెనుక పెరటి గురించి. "చెట్టు మోడుకూ ఆసుపత్రికీ సంబంధం ఏమిటి?" అని మీరు అడగవచ్చు. పాఠం పూర్తిగా చదివాక ఒకసారి పెరట్లోకి వెళ్ళి చూడండి. జవాబు మీకే కనిపిస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఒక్క రాత్రిలో ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేలకూలాయి. దానికి నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న, విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను విజయనగరం జిల్లాను, శ్రీకాకుళం జిల్లాను కూడా కుదిపింది. మన ప్రాంతంలో అక్టోబరు, నవంబరు వచ్చాయంటే తుపాను భయం ఉండనే ఉంటుంది. గాలి ఒక్క రోజులో వెళ్ళిపోతుంది. అది పడేసిన దుంగలు, విరిచేసిన మోళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి మన మధ్యే ఉండిపోతాయి. గాలి తప్పించుకున్న మనిషికి ఆ మోడు దగ్గర గాయమయ్యే ప్రమాదం ఉంది గనుక ఈ పాఠం రాస్తున్నాము.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం

కవిటి వైపు ఒక ఇల్లు అనుకోండి. ఇంటి వెనుక తాతగారు నాటిన కొబ్బరి చెట్టు. ఉద్దానంలో కొబ్బరి చెట్టును ఇంటికి పెద్ద కొడుకు అంటారు. నాటిన ఆరేడేళ్ళకు కాపు మొదలుపెట్టి, తరువాత ఏళ్ళ తరబడి ఇల్లు నడిపే చెట్టు అది. గాలికి ఆ చెట్టు నడుముకు విరిగింది. మొదలు నిలబడి ఉంది, పైదుంగ గోడ పక్కన పడి ఉంది. కోడలు అడిగింది: "మావయ్యా, ఆ మోడు తీయించీద్దాం. పిల్లలు అక్కడే ఆడతన్నారు." ఆయన ఒప్పుకోలేదు. "ఉండనీ అమ్మా. నా సేత్తో ఏసిన సెట్టు. అదేటి సేస్తాది మనల్ని? ఊరికే నిలబడున్నాది."

ఆయన బాధ తప్పు కాదు. పెంచిన చెట్టును ముక్కలు చేయడం ఎవరికీ తేలిక కాదు. అయితే కోడలి భయం కూడా తప్పు కాదు. "ఊరికే నిలబడున్నాది" అన్న మాట నిజమా? ఎండిన మోడు నిజంగా ఊరికే ఉంటుందా? ఇదే మన మొదటి ప్రశ్న.

1. ఎండిన చెక్కలో ఎవరు కాపురం ఉంటారు?

పాములు: దుంగల కింద, కట్టెల మోపుల్లో, మోడు మొదట్లోని బొరియల్లో ఎలుకలు, కప్పలు, బల్లులు చేరతాయి. వాటి కోసం పాములు వస్తాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి – మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే ఈ నాలుగింటికీ ఇటువంటి చోటు ఇష్టమే. వీటిలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. గాటు దోమకాటంత కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారి లేచేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం ఉంటాయి. గోడకు ఆనించి కట్టెలు పేర్చి, ఆ గోడకు ఇవతల చాప వేసుకుని పడుకునే ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

తేళ్ళు, జెర్రులు: ఊడిపోతున్న బెరడు కింద, పగుళ్ళలో ఉంటాయి. ఎర్రతేలు కుట్టిన చిన్నపిల్లలకు చెమటలు పట్టి, వాంతులై, గుండె దెబ్బతినే ప్రమాదం ఉంది.

దోమలు: విరిగిన మోడు నడిమిలో గుంట పడుతుంది. వాన పడితే అందులో నీరు నిలుస్తుంది. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే దోమకు చెంబెడు నీళ్ళు చాలు. గుడ్డు నుండి ఎగిరే దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. ఈ దోమ పగటిపూట కుడుతుంది గనుక దోమతెర ఒక్కటే సరిపోదు. దోమ పుట్టే గుంటను తీసివేయాలి. పెరట్లో పడి ఉన్న కొబ్బరి చిప్పలు, బోండాల డొప్పలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

నల్లులకన్నా చిన్న పురుగులు: పడిన చెట్ల చుట్టూ పొద, గడ్డి పెరుగుతాయి. అక్కడ ఎలుకలతోపాటు కంటికి సరిగా కనిపించని ఒక జాతి చిన్న పురుగులు ఉంటాయి. అవి కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. 2025 చివరి నెలల్లో మన రాష్ట్రంలో ఈ జ్వరం గురించి పత్రికల్లో మీరు చదివే ఉంటారు. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర వెతికితే గాని కనిపించదు. త్వరగా గుర్తిస్తే మామూలు మాత్రలతో తగ్గే జ్వరమే ఇది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి.

చెదలు: మోడులో పుట్ట పెట్టిన చెదలు అక్కడితో ఆగవు. నేల కింద నుండి ఇంటి ద్వారబంధాలకు, వాసాలకు వస్తాయి.

2. మోడు వల్ల తోటకు వచ్చే నష్టం

తోట బాగుంటేనే ఇంట్లో అన్నం, ఆ అన్నంతోనే ఆరోగ్యం. కనుక ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

కొబ్బరికి పెద్ద శత్రువు కొమ్ము పురుగు. ఇది కుళ్ళుతున్న కొబ్బరి దుంగల్లో, పెంటకుప్పల్లో గుడ్లు పెడుతుంది. బొటనవేలంత లావు ఉండే తెల్లటి పురుగులు వంకర తిరిగి ఆ కుళ్ళులో పెరుగుతాయి. గుడ్డు నుండి రెక్కల పురుగు అయ్యేసరికి సుమారు ఐదారు నెలలు పడుతుంది. అప్పుడు అవి బయటకు ఎగిరి, గాలికి తట్టుకుని మిగిలిన చెట్ల మొవ్వులోకి దూరి లేత ఆకును కొరుకుతాయి. తరువాత విప్పుకున్న మట్ట కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. అది చేరిన చెట్టు బతకడం కష్టం. అంటే ఏమిటి? పడిపోయిన చెట్టును పట్టించుకోకపోతే అది నిలబడి ఉన్న చెట్టును కూడా పడగొడుతుంది. తుపాను తరువాత మొదటి మూడు నాలుగు నెలల్లోనే దుంగలు తొలగించాలని చెప్పేది ఇందుకే.

కొబ్బరి మొదలు దగ్గర గోధుమరంగు జిగురు కారి, తరువాత పుట్టగొడుగు వంటి గట్టి పళ్ళెం పుడితే అది గానోడెర్మా ఎండు తెగులు. ఈ తెగులు వేళ్ళ ద్వారా, నేల ద్వారా పక్క చెట్టుకు పాకుతుంది. అటువంటి చెట్టును పైన నరికి మొదలు వదిలేస్తే లాభం లేదు. వేళ్ళతో సహా తీయాలి.

జీడి తోటల్లో కాండం, వేరు తొలుచు పురుగు ఉంటుంది. మొదట్లో బంక, రంపపుపొట్టు వంటి పొడి కనిపిస్తాయి. చచ్చిన జీడి చెట్టును అలాగే ఉంచితే లోపలి పురుగులు పెద్దవై పక్క చెట్లకు పోతాయి.

3. అన్నీ తీయాలా?

అక్కరలేదు. తోట చివర, మనుషులు తిరగని చోట, తెగులు లేని ఎండుచెట్టు ఒకటి నిలబడి ఉంటే ఉండనివ్వవచ్చు. దాని తొర్రలో గుడ్లగూబ ఉంటుంది, అది ఎలుకలను తింటుంది. కాని ఈ క్రింది వాటిని మాత్రం ఆలస్యం చేయవద్దు:

– ఇంటికి, పశువుల సాలకు, బావికి, మరుగుదొడ్డి దారికి దగ్గరగా ఉన్న మోళ్ళు, దుంగలు.
– పిల్లలు ఆడే చోట, బడికి, చర్చికి వెళ్ళే బాటలో వాలి ఉన్న ఎండుచెట్లు, వేలాడే ఎండుకొమ్మలు.
– నీరు నిలిచే తొర్ర ఉన్నవి.
– పురుగు, తెగులు పట్టిన కొబ్బరి, జీడి మొదళ్ళు.

ఇప్పుడే తీయించడానికి డబ్బు లేకపోతే రెండు పనులు చేయండి. తొర్రను ఇసుకతో గాని మట్టితో గాని గట్టిగా నింపండి. మోడు చుట్టూ పది అడుగుల మేర గడ్డి, చెత్త లేకుండా చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

4. పని మొదలుపెట్టే ముందు

కరెంటు తీగ: పడిన చెట్టు మీద గాని కింద గాని తీగ ఉంటే దగ్గరకు పోవద్దు, ఎవరినీ పోనివ్వవద్దు. "కరెంటు లేదు కదా" అనుకోవద్దు. ఏ క్షణానైనా రావచ్చు. 1912కు ఫోను చేసి విద్యుత్తు శాఖవారు వచ్చి సరఫరా ఆపామని చెప్పిన తరువాతే ముట్టుకోండి.

అనుమతి: పచ్చి చెట్లు నరకడానికి 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొన్ని నియమాలు ఉన్నాయి. నరికే ముందు గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ధనుర్వాతం టీకా: మట్టి, తుప్పు, పేడ కలిసిన చోట చేసే పని ఇది. పెద్దవారు కూడా పదేళ్ళకొకసారి ఈ టీకా వేయించుకోవాలి. చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే పనికి ముందే వేయించుకోండి.

బట్టలు: పంచె ఎగ్గట్టి, చెప్పులతో ఈ పని చేయవద్దు. ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, మూసి ఉండే బూట్లు వేసుకోండి. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. మందపాటి చేతిసంచులు లేకుండా దుంగ కింద చెయ్యి పెట్టవద్దు. ముందు పొడుగు కర్రతో దుంగను తట్టి, దొర్లించి, కాసేపు ఆగి చూడండి. కింద ఉన్న ప్రాణి వెళ్ళిపోవడానికి సమయం ఇవ్వండి.

వేళ: ఉదయం చల్లటి పూట మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపండి. చీకటి పడ్డాక ఒక్క కట్టె కూడా కదపవద్దు. ఒంటరిగా చేయవద్దు. తాగి వచ్చినవారిని, వారు ఎంత పనిమంతులైనా, ఆ రోజుకు ఇంటికి పంపేయండి.

5. మోడు తీసే పద్ధతి

కొబ్బరి చెట్టుకు తల్లివేరు లేదు. బొంగరం వంటి మొదలు చుట్టూ తాళ్ళ వంటి సన్నవేళ్ళు వేలకొద్దీ ఉంటాయి. నరికాక మళ్ళీ చిగురించదు. మోడు చుట్టూ మూర లోతున మట్టి తీసి, గొడ్డలితో వేళ్ళు తెంచి, గునపంతో కదిలిస్తే వస్తుంది. మనుషుల బలం చాలకపోతే నలుగురు ఇళ్ళవారు కలిసి జేసీబీని ఒక రోజుకు మాట్లాడుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

జీడి, వేప, చింత వంటి వాటి సంగతి వేరు. వాటికి లోతైన వేళ్ళు ఉంటాయి, మొదట్లోనుండి మళ్ళీ చిగుళ్ళు వేస్తాయి. చుట్టూ వెడల్పుగా తవ్వి, పక్కవేళ్ళను ఒక్కొక్కటిగా తెంచి, చివరకు తల్లివేరును కోయాలి. జీడి బెరడు, జీడిగింజ పైతొక్క రసం చర్మానికి తగిలితే కొందరికి బొబ్బలు ఎక్కుతాయి. తగిలిన వెంటనే సబ్బుతో కడగండి.

ట్రాక్టరుతో లాగించేటప్పుడు గొలుసును వెనుక కిందికి ఉండే కొక్కేనికే కట్టాలి. పైకి కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. గొలుసు తెగితే కొరడాలా వస్తుంది. దాని వరుసలో గాని, దగ్గరలో గాని ఎవరూ నిలబడకూడదు.

తీసిన గుంతను అదే రోజు పూడ్చండి. మోడు తీసి గుంత వదిలేస్తే వాన నీరు నిండుతుంది. దోమలు పుడతాయి. నడక నేర్చిన బిడ్డ మునిగిపోవడానికి మోకాలి లోతు చాలు.

6. అందరూ తప్పక తెలుసుకోవలసిన ఒక ప్రమాదం

గాలికి వేళ్ళతో సహా పెకలి పడిన చెట్టును మీరు చూసే ఉంటారు. వేళ్ళ ముద్ద గోడలా పైకి లేచి ఉంటుంది, దాని కింద పెద్ద గుంత. పిల్లలకు ఆ గుంత ఆటస్థలం, మేకలకు నీడ. ఇప్పుడు దుంగను రంపంతో కోస్తే ఏమవుతుంది? అంతవరకు దుంగ బరువే వేళ్ళ ముద్దను పైకి ఎత్తి పట్టుకుంది. ఆ బరువు తొలగిన క్షణంలో వేళ్ళ ముద్ద ఒక్కసారిగా వెనక్కి పడి గుంతను మూసేస్తుంది. గుంతలో ఎవరు ఉన్నా అరవడానికి కూడా సమయం ఉండదు.

కాబట్టి కోసే ముందు గుంతలోకి వంగి చూడండి. పిల్లలను పేరు పేరునా లెక్కపెట్టి ఇంటి ముందు కూర్చోబెట్టండి. వారి దగ్గర ఒక పెద్దవారిని ఉంచండి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలోపల పనివారు తప్ప ఎవరూ ఉండకూడదు.

అలాగే విల్లులా వంగి ఉన్న కొమ్మను ఒక్క వేటుతో నరకవద్దు, అది ఎగిరి ముఖం మీద కొడుతుంది. ఎండిన కొబ్బరి చెట్టును ఎక్కి నరకవద్దు. పైకి బాగానే కనిపించినా లోపల గుల్లగా ఉంటుంది.

7. చేయకూడని పనులు

మోడులో కిరోసిన్ పోసి కాల్చడం: వేళ్ళలో నిప్పు రోజుల తరబడి నేల కింద రాజుకుంటూ పోతుంది. గాలి తిరిగిన రాత్రి పాక అంటుకోవచ్చు. ఆ పొగ ఉబ్బసం ఉన్న పిల్లలకు, క్షయ వచ్చి తగ్గిన పెద్దలకు ఎంతో హాని.

పాత ఇంజను ఆయిలు, యాసిడ్, మూటలకొద్దీ ఉప్పు పోయడం: అవి మట్టిలో దిగి మన బావి నీటికే చేరవచ్చు. ఆ నీళ్ళే మన పిల్లలు తాగుతారు.

కొబ్బరి మోడు త్వరగా కుళ్ళాలని పేడ పెట్టడం: మోడు కుళ్ళుతుంది, నిజమే. కాని పేడ, కుళ్ళిన కొబ్బరి కలిస్తే కొమ్ము పురుగుకు అంతకన్నా మంచి పురిటిగది ఉండదు. దుంగలను చీల్చి ఎండబెట్టండి. చీల్చినప్పుడు కనిపించిన తెల్లపురుగులను ఏరి కోళ్ళకు వేయండి. పేడ గుంటలోని పురుగును చంపే పచ్చ బూజు మందు గురించి ఉద్యానశాఖవారిని అడగండి.

గోడకు ఆనించి కట్టెలు పేర్చడం: వంటకు ఉంచుకునే కట్టెలను ఇంటికి దూరంగా, రాళ్ళ మీద అడుగు ఎత్తున పేర్చండి. కింద నుండి వెలుతురు కనిపించాలి. కట్టెలు తెచ్చేటప్పుడు ముందు కర్రతో తట్టండి. రాత్రికి కావలసినవి పగలే తెచ్చుకోండి.

8. ఉద్దానం వారికి ప్రత్యేకమైన మాట

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను తాకిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ జబ్బుకు ఒకే ఒక్క కారణమని ఎవరూ తేల్చలేదు. అయితే ఎండలో నీళ్ళు లేకుండా గంటల తరబడి చెమటోడ్చడం, సాయంత్రం ఒళ్ళు నొప్పులకు మాత్ర మింగడం – ఈ రెండూ కలిస్తే కిడ్నీకి దెబ్బ అని మాత్రం తెలుసు. మోడు తవ్వే పనిలో జరిగేది సరిగ్గా అదే.

కిడ్నీలు బాగున్నవారు అరగంటకొకసారి పని ఆపి గ్లాసెడు శుభ్రమైన నీళ్ళు తాగండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదని అర్థం. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కిళ్ళీ కొట్లో, మందుల షాపులో అడిగి కొనవద్దు. ఆ ఇంజెక్షను కూడా వేయించుకోవద్దు. వేడినీళ్ళ స్నానం, విశ్రాంతి మంచివి. తప్పనిసరైతే పారాసిటమాల్ చెప్పిన మోతాదులో వాడవచ్చు.

కిడ్నీ జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు ఈ పని చేయనేకూడదు. మరొక మాట. చెట్టు కొట్టిన రోజు కొబ్బరి బోండాలు చాలా ఉంటాయి, అందరూ తాగుతారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు చెడినవారి రక్తంలో అది పేరుకుపోతే గుండె ఆగిపోవచ్చు. "బోండం చలవే కదా" అని వారికి ఇవ్వవద్దు. ఎన్ని నీళ్ళు తాగాలో వారి డాక్టరుగారు చెప్పినంతే తాగాలి.

9. ఏదైనా జరిగితే

గొడ్డలి, రంపం గాయం: శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా నొక్కి పట్టండి. మధ్యమధ్య తీసి చూడవద్దు. పేడ, సున్నం, కాఫీ పొడి, పెట్రోలు ఏదీ పెట్టవద్దు. చిన్న గాయమైతే సబ్బు, ధారగా పోసే నీళ్ళతో బాగా కడగండి. వేలు తెగి పడితే దాన్ని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు ముక్కల మీద పెట్టి మనిషితో పాటే తీసుకురండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు.

పాము కాటు: ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. కాలు గాని చెయ్యి గాని కదలకుండా బద్ద కట్టండి. మనిషిని నడిపించవద్దు. 108కి ఫోను చేయండి. బండి రావడం ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన వాహనంలో పడుకోబెట్టి బయలుదేరండి. గట్టిగా తాడు కట్టవద్దు, బ్లేడుతో కోయవద్దు, నోటితో పీల్చవద్దు. మంత్రం వేసేవారి ఇంటికి పోయిన గంట తిరిగి రాదు. పామును పట్టుకుని తేనక్కరలేదు. విషానికి విరుగుడు ఇంజెక్షను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

కంట్లో చెక్కపొట్టు, ఆకు కొస: శుభ్రమైన నీటితో కడగండి. నలపవద్దు. ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయవద్దు. చెట్టు ముక్క గీసుకున్న కంట్లో బూజు తెగులు పెరిగి నల్లగుడ్డు మీద తెల్లటి పుండు పడవచ్చు. షాపులో అడిగి తెచ్చిన చుక్కల మందులో స్టెరాయిడ్ ఉంటే ఆ పుండు ఇంకా ముదురుతుంది. మరుసటి రోజుకు కన్ను ఎర్రగా, నీరు కారుతూ, వెలుతురు చూడలేకుండా ఉంటే వెంటనే కంటి డాక్టరుగారికి చూపించండి. వారం ఆగితే చూపు పోతుంది.

జ్వరం: మోళ్ళ పని చేసిన రెండు మూడు వారాల లోపల జ్వరం వస్తే "ఫలానా రోజు పొదల్లో, బురదలో పని చేశాను" అని డాక్టరుగారికి మీరే చెప్పండి. ఒంటి మీద నల్లపొక్కు ఉందేమో ఇంట్లోవారి చేత చూపించుకోండి. పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు పచ్చబడటం ఉంటే అది ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం కావచ్చు. మీరు చెప్పే ఆ ఒక్క మాట జబ్బును రెండు రోజులు ముందుగా పట్టిస్తుంది.

10. తాతగారి మోడు

మళ్ళీ మన కుటుంబం దగ్గరకు వద్దాం. ఆ తాతగారితో ఎలా మాట్లాడాలి? "మీకేం తెలియదు" అంటే ఆయన వినరు. చెట్టును పోగొట్టుకున్న మనిషిని ముందు నాలుగు మాటలు మాట్లాడనివ్వాలి. తరువాత ఆయననే పెరట్లోకి తీసుకువెళ్ళి ఆ దుంగ చివరను చీల్చి చూపించాలి. లోపల తెల్లపురుగులు కదలుతుంటే ఆయనే అంటారు, "ఓలమ్మో, ఇన్నున్నాయేటి! మిగిలిన సెట్లు కూడా తినీస్తాయి ఇవి." జీవితమంతా తోట చేసిన మనిషికి అంతకన్నా వివరించనక్కరలేదు. దుంగలో గట్టిగా ఉన్న భాగాన్ని కోయించి పశువుల సాలకు వాసాలుగా వేయవచ్చు. పెద్ద కొడుకు ఇల్లు విడిచి పోలేదన్న తృప్తి ఆయనకు ఉంటుంది.

కొత్త మొక్కను ఆయన చేతనే నాటించండి. తెగులుతో చచ్చిన చెట్టైతే అదే గుంతలో వెంటనే కొబ్బరి పెట్టవద్దు, కాస్త దూరంగా పెట్టండి. ఇంటి మీద, తీగల మీద పడని చోటు చూసి పెట్టండి.

మన సంఘంలో విధవరాళ్ళ ఇళ్ళు, ముసలివారు మాత్రమే ఉన్న ఇళ్ళు, డయాలసిస్‌కు వెళ్ళేవారి ఇళ్ళు ఉన్నాయి. వారి పెరట్లోని మోడును వారు తీయలేరు. యౌవనస్థులు ఒక శనివారం ఉదయం నలుగురైదుగురు కలిసి వెళితే ఒక ఇల్లు శుభ్రమవుతుంది. పైన చెప్పిన జాగ్రత్తలు మాత్రం మరచిపోవద్దు.

ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన ఇంటికి ముప్పై అడుగుల లోపల ఎన్ని మోళ్ళు, ఎన్ని దుంగలు ఉన్నాయి? వాటిలో నీరు నిలిచేవి ఎన్ని?
2. మన వంట కట్టెలు ఎక్కడ పేర్చాము? ఆ గోడకు ఇవతల ఎవరు పడుకుంటున్నారు?
3. వేళ్ళతో లేచిన చెట్టు గుంతలో పిల్లలు ఎందుకు ఆడకూడదు? పిల్లల చేతనే చెప్పించండి.
4. ఇంట్లో పెద్దవారు ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారు?
5. పాము కరిస్తే చేయవలసినవి మూడు, చేయకూడనివి మూడు చెప్పగలరా?
6. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొబ్బరి నీళ్ళు ఎందుకు ఇవ్వకూడదు?

ఈ పేజీని కత్తిరించి, గొడ్డలి, గునపం పెట్టుకునే చోట గోడకు అంటించండి. ఈసారి తుపాను కబురు రాకముందే పెరడు ఒకసారి చూసుకోండి. సందేహం ఉంటే ఆసుపత్రికి వచ్చినప్పుడు మా నర్సులను నిస్సంకోచంగా అడగండి.